శనివారం కారు

ఆర్డిత్ ఫ్రీసెన్‌కి నేను ఒక్కసారి కూడా ఓటెయ్యలేదు.
ఈ మాట ముందే చెప్పేస్తే
మిగతాది చెప్పడం తేలిక.

మార్లో క్రీక్‌లో గోధుమ గిడ్డంగి పక్కన
తూకం గదిలో కూర్చునేది మొదట్లో.
చెవి వెనక పెన్సిలు, మోచేతుల దాకా పొట్టు.
నిండు లారీ బరువులోంచి ఖాళీ లారీ బరువు తీసేసి
చిల్లరతో సహా రైతు చేతిలో పెట్టేది.
"తూకానికి పార్టీ లేదు" అనేది.
తర్వాత పార్టీలో చేరింది.

బడి కమిటీకి నిలబడితే
బ్యాంకు మేనేజరు నవ్వాడు:
"ఇవి వంటింటి లెక్కలు కావమ్మా."
నూట పద్నాలుగు ఓట్లతో గెలిచి
మొదటి సమావేశంలోనే బాయిలరు బిల్లు
పైకి చదివింది, నెమ్మదిగా, రెండుసార్లు.
ఆ బాయిలరు అమ్మింది ఆయన బావమరిది.

కాన్సస్ సెనేట్‌కి వెళ్ళిన మొదటి ఏడాది
కాఫీ తెమ్మన్నారట, ఆమె పార్టీ మగవాళ్ళే.
తెచ్చింది.
కప్పుకి డాలరు చొప్పున
ఆరుగురి దగ్గరా వసూలు చేసింది.

ఇరవై రెండేళ్ళు.
అదే నీలం కోటు, మోచేతి దగ్గర మాటు.
పన్ను పేరెత్తితే పాము పేరెత్తినట్టు చూసేది.
ఆదివారం ప్రార్థన, సోమవారం టొపీకా,
రెండు చోట్లా ఒకటే గొంతు.

మా ఊరి ఆస్పత్రికి రాష్ట్రమిచ్చే సొమ్ము
ఆపే బిల్లుకి ఆమె కూడా చెయ్యెత్తింది.
"లేనిది పంచలేం" అంది, మా ముందే నిలబడి.
నవంబరులో తాళం పడింది.
'అత్యవసరం' అన్న అక్షరాల వెనక
పిచ్చుకలు గూడు కట్టాయి.
ఎవరో ఆమె కిటికీ మీద గుడ్లు కొట్టారు.
ఎవరో నాకు తెలుసు. చెప్పలేదు.

మరుసటేడు నా మూత్రపిండాలు చేతులెత్తేశాయి.
సలైనా డెబ్బై మైళ్ళు. వారానికి మూడుసార్లు.
మొదటి శనివారం తెల్లారకముందే
గేటు దగ్గర హారను.
గోధుమరంగు బ్యూయిక్, వేడి పెట్టి ఉంది.
"మూసేసిన ఆస్పత్రికి ఇది నష్టపరిహారమా?" అన్నాను.
"కాదు డెల్మర్. శనివారం నాకు ఖాళీ."

నలభై ఏళ్ళు రైలు నడిపినవాణ్ణి,
పక్క సీట్లో కూర్చోవడం రాదు.
దారంతా పోట్లాటే.
"పొరుగువాడి పని ప్రభుత్వానికి అప్పజెప్తే
ఇక పొరుగువాడెందుకు?" అనేది.
"మరి మంగళవారం? గురువారం?" అనేవాణ్ణి.
వానలేకపోయినా
వైపరు వేసేది.

నెల తిరగకముందే చర్చి గోడ మీద కాగితం వెలిసింది,
ఆమె చేతిరాతే, గళ్ళు గీసి.
మంగళవారం కింద నాలుగు పేర్లు.
గురువారం కింద ఎవరూ లేరు.
ఆ రోజు నా కూతురు విచిటాలో పని మానుకుని వచ్చేది.
సలైనా నించి వస్తూ ఆ కాగితం ముందు
కారు ఒక నిమిషం ఆపేది ఆర్డిత్.
ఏమీ అనేది కాదు.

మొన్నటి ఆగస్టులో
కొత్త బూట్ల కుర్రాడొకడు ఆమె మీదికొచ్చాడు.
ఆమె చాలినంత సంప్రదాయవాది కాదట.
ఎప్పుడో బడి బస్సుల కోసం
ఒక చిన్న పన్నుకి ఒప్పుకుందట.
అరవై ఒక్క ఓట్లు తేడా.

ఆ ఎన్నికలో ఓటెయ్యాలంటే
వాళ్ళ పార్టీలో పేరు రాయించుకోవాలి.
ఫారం తెచ్చుకున్నాను, ఆ మాటా చెప్పాలిగా.
నేను ముట్టకూడని ఉప్పు సీసా కింద పెట్టాను.
గడువు దాటినా అక్కడే ఉంది.

ఆ శనివారం కూడా హారను మోగింది.
"మళ్ళీ లెక్కించమను" అన్నాను.
"తూకం తూకమే" అని గేరు మార్చింది.
పదిహేను మైళ్ళు ఇద్దరం నోరు విప్పలేదు.

ఇప్పుడామె కుడి కంటికి పొర కమ్మింది.
ఆ వైపు నించి ఏమొస్తోందో
నేనే చూసి చెప్పాలి.
"లారీ" అంటాను. "చూశాన్లే" అంటుంది.
చూడలేదు.

ఇవాళ శుక్రవారం.
అలారం నాలుగున్నరకి పెట్టుకున్నాను.